గేటు ఎత్తిన గంట

(సూరత్ తెలుగువారి సభలో చేసిన డాక్టర్ కె.ఎల్. రావు స్మారకోపన్యాసం పాఠం)



కానూరి లక్ష్మణరావు గారి పేరు మీద సూరత్‌లో ఉపన్యాసమేమిటని కొందరు అడిగారట. న్యాయమైన ప్రశ్నే. ఆయన 1902లో కృష్ణా జిల్లా కంకిపాడులో పుట్టారు, బర్మింగ్‌హామ్‌లో డాక్టరేట్ చేశారు, విజయవాడ నుంచి మూడుసార్లు లోక్‌సభకు వెళ్ళారు. నాగార్జునసాగర్ అంటే ఆయన గుర్తొస్తారు. పులిచింతల ప్రాజెక్టుకు ఆయన పేరే పెట్టుకున్నాం. తాపీ నదితో ఆయనకేం పని?

ఉంది. 1963 నుంచి పదేళ్ళపాటు కేంద్రంలో నీటిపారుదల వ్యవహారాలు చూసిన మంత్రి ఆయన. 1968 ఆగస్టులో తాపీ పొంగి సూరత్‌ను ముంచినప్పుడు ఢిల్లీలో ఆ కుర్చీలో ఉన్నది ఆయనే. మనకు ఎగువన సుమారు వంద కిలోమీటర్ల దూరంలో ఉకాయ్ ఆనకట్ట పూర్తయిన 1972లోనూ ఆయనే. ఆనకట్ట కట్టింది గుజరాత్ రాష్ట్రమే కావచ్చు. కానీ పెద్ద ఆనకట్టలు ఈ దేశపు కరువునూ వరదనూ ఒక్క దెబ్బతో తీరుస్తాయన్న నమ్మకం ఆ తరం ఇంజినీర్లది. అందులో లక్ష్మణరావుగారిది గట్టి గొంతు. పైగా తన జ్ఞాపకాల పుస్తకానికి 'ది క్యూసెక్స్ క్యాండిడేట్' అని పేరు పెట్టుకున్న మనిషి. క్యూసెక్కుల సంగతి మాట్లాడుకోవడానికి ఇంతకంటే తగిన పేరు నాకు తోచలేదు. పొగడ్తకు మాత్రమే పిలిచి ఉంటే నిర్వాహకులు నన్ను మన్నించాలి.

నా విషయం వరద కాదు. వరద తర్వాత జనానికి వచ్చే కోపం. ప్రభుత్వాలు దాన్ని ఎప్పుడూ ఒకేలా అర్థం చేసుకుంటాయి: ఆకలేసింది, అన్నం పొట్లం ఆలస్యమైంది, అందుకే అరుస్తున్నారు, పొట్లం అందితే చల్లబడతారు. అది తప్పు లెక్క. నేను విన్నంతవరకు వరద బాధితులు అడిగేది మొదట పొట్లం గురించి కాదు. "నీళ్ళు ఇడుస్తున్నమని ఎందుకు చెప్పలే?" అన్నది వాళ్ళ మొదటి ప్రశ్న. ఆ ప్రశ్న గుజరాతీలోనైనా, ఒడియాలోనైనా, కరీంనగర్ తెలుగులోనైనా ఒకటే. దానికి బదులుగా వాళ్ళకు అందేది సహాయం. సహాయం తీసుకుంటారు, ప్రశ్న అలాగే మిగిలిపోతుంది.

2006 ఆగస్టుకు వెళ్దాం. తాపీ పరివాహక ప్రాంతం 62 వేల చదరపు కిలోమీటర్లు దాటుతుంది. అందులో ఎక్కువ భాగం మహారాష్ట్ర, మధ్యప్రదేశ్‌లలోనే ఉంది. ఆగస్టు మొదటి వారంలో అటు ఖాందేశ్‌లో, బుర్హాన్‌పూర్ వైపు ఎడతెరిపి లేకుండా కురిసింది. ఆ నీరంతా ఉకాయ్ జలాశయంలోకే రావాలి, మరో దారి లేదు. జలాశయం పూర్తి మట్టం 345 అడుగులు. లోపలికి వచ్చే ప్రవాహం ఉధృతంగా పెరిగేసరికి గేట్లు ఎత్తక తప్పని స్థితి వచ్చింది. ఏడో తేదీకి సూరత్ వీధుల్లోకి నీళ్ళు వచ్చాయి. విడుదల పెరుగుతూ పోయి తొమ్మిది లక్షల క్యూసెక్కులు తాకింది. పూడిక, గట్ల మీది కట్టడాలు కలిసి కుదించిన నదికి నగరం మధ్య నుంచి ఇబ్బంది లేకుండా మోసే శక్తి సుమారు నాలుగు లక్షలని తర్వాత ఇంజినీర్లే చెప్పారు. అంటే రెట్టింపుకు పైన. నాలుగింట మూడు వంతులకు పైగా నగరం మునిగింది. అడాజన్, రాందేర్, కతార్గామ్, అఠవా, నాన్‌పురాలలో జనం డాబాల మీద మూడు నాలుగు రోజులు గడిపారు. కరెంటు లేదు, ఫోన్లు లేవు. హజీరా పరిశ్రమలు మునిగాయి. సైన్యం పడవలతో వచ్చింది, హెలికాప్టర్లు పొట్లాలు జారవిడిచాయి. అధికారిక లెక్కలో సుమారు 150 మంది పోయారు. జనం నోట ఆ అంకె ఇంకా పెద్దది.

ఆగస్టు 9 శ్రావణ పౌర్ణమి. ఊరంతటికీ రాఖీ పండుగ. ఇక్కడున్న పద్మశాలీలకు అది నూలి పున్నమి, మార్కండేయుడి పేరు చెప్పుకుని జంధ్యం మార్చుకునే రోజు. తేదీ చెప్పడంలో నా ఉద్దేశం పండుగ కాదు. పౌర్ణమికి ఖంభాత్ సింధుశాఖలో పోటు ఎక్కువ. సముద్రం సూరత్‌కు దగ్గరే. పోటు వేళకు నది నీళ్ళు కిందికి దిగవు, వెనక్కి నెట్టుకొస్తాయి. వాన ఎప్పుడు పడుతుందో చెప్పలేకపోవచ్చు, పౌర్ణమి ఎప్పుడొస్తుందో ఉగాది నాడే పంచాంగంలో ఉంటుంది. పెద్ద విడుదల ఏదైనా ఉంటే పున్నమికి ముందే, నాలుగు రోజుల ముందునుంచే కొంచెం కొంచెంగా జరగాల్సిందని విమర్శకులు అన్నది ఇందుకే.

ప్రభుత్వ వాదన కూడా వినాలి, నేను వింటాను. ఇంత వాన ఎన్నడూ చూడలేదన్నారు. జలాశయంలోకి వచ్చిన ప్రవాహపు శిఖరం విడుదల కంటే ఎక్కువని, ఆనకట్ట లేకపోతే ఊరు ఇంకా ఘోరంగా మునిగేదని అన్నారు. అందులో నిజం లేకపోలేదు. 1968లో ఆనకట్ట లేని తాపీ పదిహేను లక్షల క్యూసెక్కులు తెచ్చిందని రికార్డు ఉంది. కాబట్టి "ఇదంతా మనుషులు తెచ్చిన వరద" అని ఒక్క మాటలో తేల్చేసే వాళ్ళతో నేను పూర్తిగా చేతులు కలపను. వాన మనిషి కురిపించలేదు. కానీ శిఖరం ఎంత తగ్గించారన్నది ఒక ప్రశ్న, నాలుగో తేదీన, ఐదో తేదీన జలాశయాన్ని ఏ మట్టంలో ఉంచారు, ఎందుకు ఉంచారు అన్నది వేరే ప్రశ్న. మొదటి ప్రశ్నకు జవాబు చెప్పి రెండోది చెప్పినట్టు నటించడం ప్రభుత్వాలకు బాగా అలవాటు. నదులను, ఆనకట్టలను గమనించే సాండ్రప్ (హిమాంశు ఠక్కర్ నడిపేది) వంటి సంస్థలు పట్టుకున్నది ఈ రెండో ప్రశ్నను.

ఇక్కడే లక్ష్మణరావుగారి తరం మనకు వదిలిన చిక్కుముడి ఉంది. ఉకాయ్ బహుళార్థసాధక ప్రాజెక్టు. సాగుకు నీళ్ళివ్వాలి, కరెంటు తీయాలి, వరద ఆపాలి. మొదటి రెండిటికీ కుండ నిండి ఉండాలి. మూడోదానికి కుండ వెలితిగా ఉండాలి. ఒకే కుండ. ఆగస్టులో ఇంజినీరు ముందు ఉన్న భయం వరద కాదు, సెప్టెంబరులో వాన మొహం చాటేస్తే కాలువల రైతుకు ఏం చెప్పాలన్నది. గేటు ముందే ఎత్తి, ఆ తర్వాత వాన రాకపోతే నీళ్ళు వృథా చేశాడని అతన్ని తప్పుపట్టేవాళ్ళు వేలమంది. ఎత్తక, వరదొస్తే ప్రకృతి వైపరీత్యం. ఏ తప్పుకు శిక్ష పడుతుందో, దేనికి పడదో అతనికి తెలుసు. అందుకే ప్రతి నెలా జలాశయం ఎంతవరకు నింపాలో చెప్పే రూల్ లెవెల్ అనేది ఒకటి రాసిపెట్టారు. అది ఆ ఒంటరి ఇంజినీరును కాపాడాల్సిన కాగితం. ఆ కాగితం ఒకవైపు, ఆ వారం గేట్ల లాగ్ పుస్తకం ఇంకోవైపు పక్కపక్కన పెట్టి చూపిస్తే చాలు, సగం కోపం ఆ రోజే తీరేది. మిగతా సగం సరైన చోటికి చేరేది.

ఇది గుజరాత్‌కు మాత్రమే పట్టిన జబ్బు కాదు. 2009 అక్టోబర్ 2న కర్నూలు మునిగింది. తుంగభద్ర, హంద్రీ కలిసి ఊరి మీద పడ్డాయి, దిగువన శ్రీశైలం జలాశయం నిండుకుండలా ఉంది. ఆ ఏడు దేశమంతా కరువు. వాన ఆలస్యం, అందుకని వచ్చిన ప్రతి చుక్కనూ పట్టుకున్నారు. అంతలో మూడు రోజుల్లో సముద్రం దిగొచ్చింది. 885 అడుగుల పూర్తి మట్టం దాటి 896 వరకు నీరు ఎక్కింది. ప్రవాహం 25 లక్షల క్యూసెక్కులు. ఆనకట్ట నిలబడటమే అదృష్టమని ఇంజినీర్లు ఇప్పటికీ అంటారు. కర్నూలు ఊరివాళ్ళు అనేది వేరు: ముందే ఎందుకు ఖాళీ చేయలేదు? సూరత్‌లో అడిగిన మాటే. ఆ తర్వాత 2015లో చెన్నై, చెంబరంబాక్కం చెరువు. 2018లో కేరళ. చెన్నై విషయంలో కాగ్ తన నివేదికలో అది మానవ తప్పిదపు విపత్తు అని రాసింది. కేరళ విషయంలో ఆనకట్టల వల్ల వరద పెరగలేదని కేంద్ర జల సంఘం చెప్పింది, హైకోర్టుకు సహాయకుడిగా నియమితుడైన న్యాయవాది అందుకు భిన్నంగా చెప్పారు. ఊరు మారుతుంది, నది మారుతుంది, వాదన మారదు.

ఇప్పుడు క్యూసెక్కు సంగతి. ఒక సెకనుకు ఒక ఘనపుటడుగు నీరు. లక్ష్మణరావుగారికి అది మాతృభాష లాంటిది. మనకు కాదు. "ఉకాయ్ నుంచి ఆరు లక్షల క్యూసెక్కులు వదులుతున్నారు" అని టీవీలో అక్షరాలు పరిగెడుతుంటే, రాందేర్‌లో నేల అంతస్తులో అద్దెకుంటున్న మనిషి దాన్ని ఏం చేసుకోవాలి? గ్యాస్ సిలిండరు మంచం మీద పెట్టాలా, డాబా మీదికి ఎక్కించాలా? పిల్లల్ని తీసుకుని ఊరు విడవాలా? ఆ అంకె ఆయనకు ఏ పనీ చెప్పదు. హోప్ బ్రిడ్జి దగ్గర 9.5 మీటర్లు ప్రమాద మట్టమని, 2006లో 12 మీటర్లు దాటిందని తెలిసినవాళ్ళు పాతూరు సూరతీలు. వాళ్ళ ఇళ్ళల్లో గోడల మీద పాత రేల్ (వరద) గుర్తులు కూడా ఉంటాయి. మొన్న వచ్చి కొత్త సొసైటీలో దిగినవాడికి ఆ గుర్తు ఎవరు చూపిస్తారు?

భద్రాచలంలో ఈ బాధ తక్కువ. అక్కడ గోదావరి 43 అడుగులకు మొదటి ప్రమాద హెచ్చరిక, 48కి రెండోది, 53కి మూడోది. స్నానఘట్టాల మెట్లు చూసే పెద్దమ్మ కూడా "రెండోది దాటింది, ఇక దుమ్ముగూడెం రోడ్డు మూస్తరు" అని చెప్పగలదు. 1986 ఆగస్టులో 75.6 అడుగులు, 2022 జులైలో 71.3. ఈ అంకెలు ఆ ఊరివాళ్ళకు పిల్లల పుట్టిన తేదీల్లా నోటికి వచ్చేస్తాయి. ఎందుకంటే ఒక్కో అడుగుకు ఏ రోడ్డు తెగుతుందో, ఏ కాలనీ ఖాళీ చేయాలో వాళ్ళకు తెలుసు. అక్కడా కోపాలున్నాయి. కరకట్ట గురించి, పోలవరం వెనక నీళ్ళ గురించి, చాలా ఉన్నాయి. కానీ "నాకెవరూ చెప్పలేదు" అన్న కోపం తక్కువ.

సూరత్‌లో 2006 తర్వాత ఏమీ జరగలేదనడం అన్యాయం. నగరపాలక సంస్థ ఎగువ వానల సమాచారం నుంచి వార్డు వరకు హెచ్చరిక చేర్చే ఏర్పాటు చేసుకుంది. నది గట్లు ఎత్తు పెరిగాయి. జలాశయం నిర్వహణ మీద వానాకాలమంతా కన్నేసి ఉంచుతున్నారు. వరద దిగిన తర్వాతి రోజుల్లో ఈ ఊరు బురదను ఎంత వేగంగా ఎత్తిందో దేశం చూసింది. లక్షల టన్నుల చెత్త మధ్య పెద్ద అంటువ్యాధి రాకుండా కాచుకోగలిగారు. అది మామూలు పని కాదు. అది ఎలా చేతనైందో అడిగితే పన్నెండేళ్ళు వెనక్కి, 1994 సెప్టెంబరుకు వెళ్ళాలి.

అప్పుడూ ముందు వచ్చింది వరదే. ఊళ్ళోని ఖాడీలు (వాగులు) పొంగి, చచ్చిన పశువులు, చెత్త పేటల్లో పేరుకుపోయాయి. వెనకాలే ప్లేగు. చనిపోయినవారు వంద లోపే, కానీ ఊరు వదిలి పారిపోయినవారు లక్షల్లో. రైళ్ళకు వేలాడుతూ సొంత ఊళ్ళకు వెళ్ళిపోయిన మనవాళ్ళు ఈ హాల్లో ఉన్నారని నాకు తెలుసు. మర్నాడు సిరిసిల్లలో, జగిత్యాలలో వాళ్ళను ఇంట్లోకి రానివ్వాలా వద్దా అన్న మాట కూడా వచ్చింది. డాక్టర్లు సైతం ఊరు వదిలారన్న కోపం అప్పటి సూరత్‌ది. ఆ కోపానికి దొరికిన జవాబు 1995 మేలో కమిషనరుగా వచ్చిన ఎస్.ఆర్. రావు. సూర్యదేవర రామచంద్రరావు, మన తెలుగువాడే. ఆయన చేసింది ఊడ్పించడమని అందరూ చెబుతారు. నాకు ముఖ్యంగా కనిపించేది వేరు. అధికారుల్ని ఏసీ నుంచి డీసీకి రమ్మన్నారు. అంటే చల్లటి గదుల్లోంచి రోజువారీ పనుల్లోకి. ప్రతి ఉదయం వీధిలో నడవాలి, మధ్యాహ్నం కూర్చుని ఏం చూశారో చెప్పాలి. జోన్లకు అధికారం ఇచ్చారు, పని జరగకపోతే ఏ జోన్ అధికారిని అడగాలో పౌరుడికి తెలిసిపోయింది. పెద్దవాళ్ళ అక్రమ కట్టడాలు కూడా కూలాయి. ఏడాదిన్నర తిరక్కుండానే చండీగఢ్ తర్వాత దేశంలో రెండో శుభ్రమైన నగరమని వారసత్వ పరిరక్షణ సంస్థ ఇన్‌టాక్ సూరత్‌ను లెక్కించింది. చీపురు అంతకు ముందూ ఉంది. లేనిది 'ఈ పని నాది' అని ఒప్పుకునే మనిషి పేరు.

నది విషయంలో ఆ మనిషి పేరు ఈనాటికీ దొరకదు. ఆనకట్ట నీటిపారుదల శాఖది, వాన సమాచారం వాతావరణ శాఖది, వరద అంచనా కేంద్ర జల సంఘానిది, ఊరు నగరపాలక సంస్థది, సహాయం కలెక్టరుది. 2001 భుజ్ భూకంపం తర్వాత గుజరాత్ దేశంలో అందరికంటే ముందు, 2003లో, విపత్తు నిర్వహణ చట్టం చేసింది. కేంద్రం 2005లో చేసింది. రెండు చట్టాలూ చేతిలో ఉండగానే 2006 వచ్చింది. చట్టం వల్ల కమిటీలు వచ్చాయి. గేటు ఎత్తిన గంటకు బాధ్యుడెవరో మాత్రం కమిటీల మధ్య సందుల్లో జారిపోయింది.

సముద్రం అవతల ఒక పోలిక ఉంది. సూరత్ మునగడానికి దాదాపు ఏడాది ముందు, 2005 ఆగస్టు 29న, అమెరికాలో న్యూ ఆర్లియన్స్ మీద కత్రినా హరికేన్ పడింది. అక్కడా నగరంలో ఎనభై శాతం మునిగింది. అక్కడా జనం డాబాలెక్కారు, స్టేడియంలో తాగడానికి నీళ్ళు లేక రోజులు గడిపారు, ఎక్కువగా నల్లజాతి పేదలు. వెయ్యి మందికి పైగా పోయారు. అగ్రరాజ్యం తన పౌరులకు ఐదు రోజులు బస్సులు పంపలేకపోయిందని లోకం నివ్వెరపోయింది. ఫెడరల్ విపత్తు సంస్థ అధిపతి మైఖేల్ బ్రౌన్ బ్రహ్మాండంగా పనిచేస్తున్నాడని అధ్యక్షుడు బుష్ కెమెరాల ముందు మెచ్చుకున్నారు. పది రోజులు తిరిగేసరికి బ్రౌన్ రాజీనామా చేశాడు.

నాకు ఆసక్తి ఆ రాజీనామా మీద లేదు. రాజీనామాలు చవక. 2006 ఫిబ్రవరిలో అక్కడి ప్రతినిధుల సభ కమిటీ, అధ్యక్షుడి పార్టీ వాళ్ళే నడిపిన కమిటీ, ప్రభుత్వం చేతగానితనాన్ని వందల పేజీల్లో రాసి బయటపెట్టింది. ఆ జూన్‌లో, గట్లు కట్టిన ఆర్మీ ఇంజినీర్ల దళం వేల పేజీల సాంకేతిక నివేదిక విడుదల చేసి, తమ రూపకల్పనలోనే లోపం ఉందని ఒప్పుకుంది. దళాధిపతి కార్ల్ స్ట్రాక్ విలేఖరుల ముందు నిలబడి బాధ్యత తీసుకున్నాడు. మన వరదకు రెండు నెలల ముందు సంగతి ఇది. ఆ తర్వాత ఇళ్ళు పోయినవాళ్ళు ఆ దళం మీద కోర్టుకు వెళ్తే, 1928 నాటి వరద నియంత్రణ చట్టం ప్రకారం నష్టపరిహారం ఇప్పించలేమని జడ్జి చెప్పాడు, దళాన్ని తిట్టి మరీ చెప్పాడు. అంటే అక్కడ కోర్టులో డబ్బు రాలేదు, జవాబు వచ్చింది. ఇక్కడ డబ్బు ఎంతో కొంత వచ్చింది. అమెరికాను ఆదర్శంగా చూపడం లేదు, అక్కడి పేదపేటలు కొన్ని నేటికీ ఖాళీగానే ఉన్నాయి. ఇంజినీరు తన లెక్క తప్పిందని చెబితే ఆకాశం విరిగి పడలేదని చెబుతున్నాను. తప్పు ఎక్కడుందో తెలిసింది కాబట్టే ఆ గట్లను ఆ తర్వాత కొత్త లెక్కతో కట్టగలిగారు.

మన దగ్గర వచ్చిన ఆ ఎంతో కొంత డబ్బు సంగతి మీకు నాకంటే బాగా తెలుసు. క్యాష్‌డోల్, ఘర్‌వఖ్రీ: ఈ రెండు మాటలు రాని తెలుగువాడు సూరత్‌లో లేడు. ఒకటి రోజువారీ ఖర్చుకు, రెండోది పాడైన ఇంటి సామానుకు. సర్వేకు వచ్చేవాళ్ళు ఇల్లు చూస్తారు. ఒక గదిలో పగటి షిఫ్టు నలుగురు, రాత్రి షిఫ్టు నలుగురు ఉండే చోట ఇల్లు ఎవరిది? గది యజమానిది. సామాను ఎంత? ఎనిమిది చాపలు, ఒక స్టవ్వు. రేషన్ కార్డు ఎక్కడుంది? ఊళ్ళో, అమ్మ దగ్గర. సర్వే మనిషి వచ్చిన వేళకు తాళం ఉంటే జాబితాలో పేరు ఉండదు. ఇక మరమగ్గాల ఖాతాలో (షెడ్డులో) నీళ్ళొచ్చి బీములు తడిసి, మోటార్లు కాలితే సేఠుకు నష్టం. దాన్ని లెక్కగట్టే బీమా కాగితాలు ఆయనకుంటాయి. మీటరుకు ఇంత అని నేసేవాడికి మగ్గం ఆగిన ప్రతి రోజూ పగారు పోయినట్టే. తడవని ఆ నష్టాన్ని రాసుకునే గడి ఏ ఫారంలోనూ లేదు. సహాయం అందలేదన్న కోపం కంటే, తాము లెక్కలోకే రాలేదన్న కోపం వలస కార్మికుడిలో లోతుగా ఉంటుంది. ఈ ఊరి మునిసిపల్ బడుల్లో తెలుగు మాధ్యమం నడుస్తున్నదంటే మన పిల్లలు ఇక్కడ లెక్కలో ఉన్నారనే కదా. బడి రిజిస్టరులో ఉన్న కుటుంబం వరద రిజిస్టరులోకి వచ్చేసరికి ఎందుకు మాయమవుతుంది?

ఇంకొక విషయం చెప్పాలి, ఇది లింబాయత్, పర్వత్ పాటియా, గోడాదరా వైపు వాళ్ళకు. మీ వరద తాపీ వరద కాదు, మీఠీ ఖాడీ వరద. తాపీ పొంగితే దేశం చూస్తుంది. ఖాడీ పొంగితే మీరే చూస్తారు. ఖాడీకి ఆనకట్ట లేదు, క్యూసెక్కుల వార్త లేదు, ప్రధాని విమానం అసలే లేదు. 2024 జులైలో వచ్చింది, 2025 జూన్‌లో నగరం మీద కుంభవృష్టి పడి మళ్ళీ వచ్చింది. వాన తెరిపిచ్చిన తర్వాత కూడా వీధుల్లోంచి నీళ్ళు కదల్లేదు, నాయకులను జనం నిలదీశారు. నది వరద ఎన్నో ఏళ్ళకొకసారి. ఖాడీ వరద ఏడాది వెంట ఏడాది. రెండోదాని నష్టం కూడితే ఏ జాబితాలో కనపడుతుంది?

విజయవాడ, లక్ష్మణరావుగారి నియోజకవర్గం, 2024 సెప్టెంబర్ 1న ఇదే పాఠం నేర్చుకుంది. ప్రకాశం బ్యారేజీ దగ్గర కృష్ణ 11.43 లక్షల క్యూసెక్కులతో రికార్డు కొట్టింది. అందరి కళ్ళూ బ్యారేజీ మీదే. ఊరిని ముంచింది మాత్రం బుడమేరు, ఒక వాగు. కాలువ గట్లకు గండ్లు పడి సింగ్‌నగర్ పేటలన్నీ మునిగాయి. ముఖ్యమంత్రి కలెక్టరేట్‌లోనే మకాం వేసి, రాత్రిళ్ళు పడవల్లో తిరిగారు. అయినా కోపం తగ్గలేదు. "వెలగలేరు దగ్గర లాకులు ఎత్తేటప్పుడు మాకొక మాట చెప్పలేదేం?" అన్నది సింగ్‌నగర్ ప్రశ్న. నాయకుడు కష్టపడటం ఆ ప్రశ్నకు జవాబు కాదు. అదే రోజు ఖమ్మంలో మున్నేరు ప్రకాశ్‌నగర్ వంతెన మీద తొమ్మిది మంది చిక్కుకుంటే హెలికాప్టరు కోసం పగలంతా చూశారు. చివరికి ఒక జేసీబీ డ్రైవరు తన బండితో వెళ్ళి తెచ్చాడు. ఆ డ్రైవరును అందరం మెచ్చుకున్నాం, సన్మానాలు చేశాం. సన్మానాల హడావిడిలో హెలికాప్టరు సంగతి అడగడం తగ్గిపోయింది.

కోపం చల్లారదని కాదు, చల్లారుతుంది, అదే ప్రమాదం. తుపానుల విషయంలో మనవాళ్ళు చల్లారనివ్వని కాలం ఒకటుంది. 1977 నవంబర్ 19న దివిసీమ ఉప్పెనలో పది వేలమందికి పైగా పోయారు. ఆ తర్వాత తీరం పొడుగునా తుపాను షెల్టర్లు కట్టారు, హెచ్చరిక కేంద్రాలు వచ్చాయి, ముందే ఖాళీ చేయించడం అలవాటయింది. 1990 మేలో దాదాపు అంతే బలమైన తుపాను అదే తీరం మీద పడితే మరణాలు వెయ్యి లోపు. పదమూడేళ్ళలో ఇంత తేడా రావడానికి కారణం, దివిసీమ ప్రశ్నను అసెంబ్లీలో, పత్రికల్లో, ఊళ్ళల్లో ఏళ్ళ తరబడి అడుగుతూనే ఉండటం. సూరత్ వరద ప్రశ్నను నీళ్ళు దిగిన రెండు దీపావళుల తర్వాత అడిగినవాళ్ళు ఎంతమంది? బజారు తెరుచుకుంది, చీరల లారీలు కదిలాయి. ఈ ఊరి బలం అదే. బలహీనత కూడా అదేనని అనిపిస్తుంది నాకు.

కాబట్టి ఈ సభను ఒక తీర్మానం చేయమని అడగను. తీర్మానాలు ఫైల్లో పడుకుంటాయి. పని చెబుతాను. సమాచార హక్కు చట్టం 2005 అక్టోబరు నుంచి అమలులో ఉంది. అడగాల్సినవి నాలుగు. మీఠీ ఖాడీలో పూడిక చివరిసారి ఎప్పుడు తీశారు, ఏ గుత్తేదారు, ఎంత లోతు? గత వరదలో మన వార్డులో పంపులు ఏ గంటకు పెట్టారు? ఖాడీ నీరు ఎంత ఎక్కితే ఏ వీధిని ఖాళీ చేయించాలన్న పట్టిక ఉందా, ఉంటే ఏ గోడ మీద రాశారు? ఘర్‌వఖ్రీ జాబితాలో అద్దెవాళ్ళ పేర్లు ఎన్ని? ఉకాయ్ గేట్ల లాగ్, రూల్ లెవెల్ పట్టిక కావాలంటే అది వేరే దరఖాస్తు, నీటిపారుదల శాఖకు.

తెలుగులో రాస్తే తీసుకోరు. గుజరాతీ, హిందీ, ఇంగ్లీషుల్లో ఏదో ఒకటి ఉండాలి. గుజరాతీ చక్కగా రాసే పిల్లలు ప్రతి ఇంట్లో ఉన్నారు. రుసుము ఇరవై రూపాయలు. ముప్పై రోజుల్లో జవాబు రాకపోతే అప్పీలు. మొదటి దరఖాస్తు రాయడానికి నేను ఇవాళ సాయంత్రం ఇక్కడే ఉంటాను, వార్డు నంబరు తెలిసినవాళ్ళు ఆగండి.